బంతి మీంచి చూపు తిప్పడం: ఆట మానేసిన క్రికెటర్ అంపైరో రిఫరీయో కావాలంటే

గుంటూరు జేకేసీ కాలేజీ మైదానంలో పొద్దున్నే నెట్స్‌కి వచ్చే అమ్మాయిల్లో ఆంధ్ర జట్టు దాకా వెళ్లేది కొందరే. అక్కణ్ణించి భారత జట్టు గుమ్మం తొక్కేవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతావాళ్లకి ఇరవై ఆరో ఇరవై ఎనిమిదో ఏళ్లు వచ్చేసరికి ఇంట్లో ఒకటే ప్రశ్న: "ఇంకెన్నాళ్లమ్మా ఈ ఆట?" రైల్వేలో ఉద్యోగం వచ్చినవాళ్లు కొన్నాళ్లు నిలదొక్కుకుంటారు. కొందరు పీఈటీలవుతారు, కొందరు కోచింగ్‌లోకి వెళతారు. చాలామంది కిట్ బ్యాగు అటక మీద పెట్టేస్తారు. పదిహేనేళ్లు ఎండలో నిలబడి సంపాదించిన చదువు బ్యాగుతో పాటు అటకెక్కేస్తుంది. అది పెద్ద నష్టం.

ఆ చదువు అక్కరకొచ్చే దారి ఇంకొకటి ఉంది. మ్యాచ్ నడిపించే పని, అంటే అంపైరింగ్, రిఫరీయింగ్. ఈ దారి గురించి విజయవాడ, గుంటూరు గ్రౌండ్లలో వినిపించే మాటల్లో రెండు తప్పులు తరచూ దొర్లుతుంటాయి. ఒకటి, అంపైరూ రిఫరీ ఒకటేననుకోవడం. రెండోది, బాగా ఆడినమ్మాయి సహజంగానే మంచి అంపైర్ అవుతుందనుకోవడం. మొదటిది తేలిగ్గా విడిపోయే ముడి. రెండోది లోతైనది.

"రిఫరీ" అనే మాట ఒక్కో ఆటలో ఒక్కో పనికి వాడతారు. మంచు మీద ఆడే ఐస్ హాకీలో రిఫరీలు చేతికి నారింజ రంగు పట్టీ కట్టుకుని ఆటగాళ్లతో పాటే స్కేటింగ్ చేస్తూ తప్పుల మీద విజిల్ వేస్తారు. వాళ్లకి తోడుగా గీతలు చూసే లైన్స్‌మన్లు ఉంటారు. మన కబడ్డీలో రిఫరీ కోర్టు పక్కనే ఉంటాడు, కింద ఇద్దరు అంపైర్లు. క్రికెట్‌లో ఇది తిరగబడుతుంది. లోపల నిలబడి అవుటా కాదా అని చెప్పేది అంపైర్. మ్యాచ్ రిఫరీ మైదానం బయట కూర్చుంటారు. ఎల్బీడబ్ల్యూ (బంతి వికెట్లకు వెళ్లకుండా కాలు అడ్డుపడితే ఇచ్చే అవుట్) ఇచ్చేదీ మార్చేదీ రిఫరీ కాదు. అంపైర్ నిర్ణయం తప్పని కళ్లారా చూసినా దాన్ని తిప్పే అధికారం రిఫరీకి లేదు. రిఫరీ చూసేది ఆటగాళ్ల ప్రవర్తన, ఓవర్ల వేగం, పిచ్ నాణ్యత, అంపైర్ల పనితీరు, మ్యాచ్ నిబంధనల ప్రకారం సాగిందా లేదా అన్నది.

పని వేరైనట్టే ప్రవేశమూ వేరు. అంపైర్ కావడానికి పెద్ద స్థాయిలో ఆడి ఉండాల్సిన పని లేదు, పరీక్షలు నెగ్గాలి. పురుషుల వన్డేకి అంపైరింగ్ చేసిన మొదటి మహిళ ఆస్ట్రేలియాకి చెందిన క్లెయిర్ పొలొసాక్. 2019 ఏప్రిల్‌లో నమీబియా, ఒమన్ మ్యాచ్‌లో నిలబడ్డారు. ఆమె క్రికెట్ ఆడి ఎరగరు. అంపైరింగ్ పరీక్ష కూడా ఒకటికి రెండుసార్లు తప్పి, ఆ తరువాతే నెగ్గారు. మన దేశంలో 2023 జనవరిలో రంజీ ట్రోఫీలో మొదటిసారి ముగ్గురు మహిళలు అంపైర్లుగా దిగారు. వాళ్లలో ఎన్. జనని చెన్నైలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసినవారు. వృందా రాఠీ ముంబైలో స్కోరర్‌గా చేస్తూ ఈ వైపు వచ్చారు. మూడో ఆమె గాయత్రీ వేణుగోపాలన్.

మ్యాచ్ రిఫరీ దగ్గర మాత్రం ఆటలో పేరు, అనుభవం బరువు తూగుతాయి. ఇక్కడ మనం గుండె నిండా చెప్పుకోవాల్సిన పేరు జి.ఎస్. లక్ష్మిది. రాజమండ్రిలో పుట్టి జంషెడ్‌పూర్‌లో పెరిగిన ఫాస్ట్ బౌలర్. ఆంధ్రకీ, రైల్వేస్‌కీ, మరికొన్ని జట్లకీ ఆడి 2004లో ఆట ముగించారు. 2008-09 సీజన్ నుంచి దేశవాళీ మహిళల మ్యాచ్‌లకు రిఫరీగా చేశారు. 2019 మేలో ఐసీసీ అంతర్జాతీయ మ్యాచ్ రిఫరీల ప్యానెల్‌లో చేరిన మొదటి మహిళ అయ్యారు. అదే ఏడాది డిసెంబర్‌లో యూఏఈ, అమెరికా జట్ల మధ్య జరిగిన పురుషుల వన్డేకి రిఫరీగా కూర్చున్నారు. అంతకు ముందు ఏ మహిళా చేయని పని అది. ఆట మానేసిన దగ్గర్నుంచి లెక్కేస్తే పదిహేనేళ్లు. ఈ దారి ఎంత పొడుగో ఆ లెక్కే చెబుతుంది. 2023లో దక్షిణాఫ్రికాలో జరిగిన మహిళల టీ20 ప్రపంచకప్‌కి ఐసీసీ మొదటిసారి అధికారులందర్నీ మహిళల్నే పెట్టింది. ముగ్గురు రిఫరీల్లో లక్ష్మి ఒకరు. పదిమంది అంపైర్లలో జనని, వృంద ఉన్నారు.

ఆడిన కన్ను, చూసే కన్ను

ఇక రెండో ముడి. చిన్నప్పట్నించీ ప్రతి కోచ్ చెప్పేది ఒకే మాట: బంతి మీంచి చూపు తిప్పకు. బ్యాటర్‌కీ కీపర్‌కీ ఫీల్డర్‌కీ అదే మంత్రం. అంపైర్‌కి కావాల్సింది దానికి సరిగ్గా వ్యతిరేకం. ఎప్పుడు బంతిని వదిలేసి వేరేచోట చూడాలో తెలియడమే అంపైరింగ్‌లో సగం పని. పదిహేనేళ్ల అలవాటు వదిలించుకోవాలి కాబట్టి ఆడినవాళ్లకి ఇది ఆడనివాళ్ల కంటే కష్టం.

బౌలర్ వైపు అంపైర్‌గా ఒక బంతిని దగ్గర్నుంచి చూద్దాం. మీరు స్టంప్స్‌కి గజంన్నర, రెండు గజాల వెనక నిలబడ్డారు. బౌలర్ మీ పక్కనుంచి దూసుకెళ్లింది. ఆ క్షణంలో మీ కళ్లు బంతి మీద ఉండకూడదు, క్రీజు మీద ఉండాలి. వెనక కాలు రిటర్న్ క్రీజును (స్టంప్స్ పక్కన ఉండే నిలువు గీత) తాకకుండా లోపల పడిందా? ముందు కాలు దిగేటప్పుడు పాపింగ్ క్రీజు (స్టంప్స్ ముందుండే అడ్డ గీత) వెనక అంచుకి ఇవతల పాదంలో ఏదో ఒక భాగమైనా ఉందా? గీత మీద ఉంటే చాలదు, గీతకి వెనకే ఉండాలి. మడమ గాల్లో ఉన్నా పర్వాలేదు. దిగిన తరువాత కాలు ముందుకి జారినా పర్వాలేదు, లెక్కలోకి వచ్చేది దిగిన క్షణమే. ఇది చూసిన వెంటనే చూపు లేపి బంతిని అందుకోవాలి. గంటకి 105 కిలోమీటర్ల వేగంతో వేసిన బంతి బ్యాటర్‌ని చేరడానికి పట్టేది సుమారు 0.6 సెకను. అందులో కొంత మీరు పాదానికి ఖర్చు పెట్టేశారు.

కొత్తవాళ్లు ఇక్కడ రెండు రకాలుగా దెబ్బతింటారు. కొందరు పాదం చూడటం తగ్గించేస్తారు, నోబాల్స్ జారిపోతాయి. కొందరు తల మొత్తం వంచి పాదం చూసి, మళ్లీ తల మొత్తం లేపుతారు. అప్పటికి బంతి పిచ్ అయిపోయి ఉంటుంది, ఎల్బీ అప్పీల్ వస్తే ఎక్కడ పడిందో చెప్పలేరు. తల కదలకూడదు, కనుగుడ్లు మాత్రమే కదలాలి. అందుకే స్టంప్స్‌కి మరీ దగ్గరగా నిలబడొద్దంటారు. దగ్గరగా ఉంటే పాదం చూడటానికి చూపు మరీ కిందికి దించాలి, కొంచెం వెనక్కి జరిగితే పాదమూ అవతలి స్టంప్సూ ఇంచుమించు ఒకే చూపులో ఇముడుతాయి. అంతర్జాతీయ మ్యాచ్‌ల్లో ముందు కాలి నోబాల్‌ని టీవీ అంపైర్ చూసుకుంటారు. జిల్లా మ్యాచ్‌లో ఆ సాయం లేదు, అంతా మీ రెండు కళ్లే.

ఎల్బీడబ్ల్యూ దగ్గర ఆడిన అనుభవం సగం సాయం, సగం మోసం. అప్పీల్ రాగానే మనసులో ఒక వరస నడవాలి. నోబాలా? లెగ్ స్టంప్ (బ్యాటర్ కాళ్ల వైపుది) బయట పడిందా? ముందు బ్యాట్‌కి తగిలిందా? తగిలినచోటు స్టంప్స్ లైన్‌లో ఉందా, లేక ఆఫ్ బయట తగిలితే షాట్ ఆడే ప్రయత్నం లేదా? ఇవన్నీ దాటాకే చివరి ప్రశ్న, అడ్డు లేకపోతే వికెట్లకు తగిలేదా? ఆడినమ్మాయి నేరుగా చివరి ప్రశ్నకి ఉరుకుతుంది. మిడ్‌వికెట్‌లో నిలబడి వేలసార్లు "హౌజ్ దట్" అని అరిచిన అలవాటు అది.

లెక్క వేసి చూస్తే మోసం ఎక్కడుందో కనిపిస్తుంది. కుడిచేతి బౌలర్, ఓవర్ ద వికెట్ (బంతి వేసే చెయ్యి స్టంప్స్ వైపు ఉండేలా), కుడిచేతి బ్యాటర్. బంతి చేతిలోంచి వదిలిన చోటు మిడిల్ స్టంప్ గీతకి 40 సెంటీమీటర్లు పక్కన ఉందనుకుందాం. బ్యాటర్ స్టంప్స్‌కి 4 మీటర్ల ముందు సరిగ్గా మిడిల్ లైన్‌లో పడి, తిరగకుండా అదే కోణంలో వెళితే, వికెట్ల దగ్గరికి వచ్చేసరికి దాదాపు 11 సెంటీమీటర్లు లెగ్ వైపు జరుగుతుంది. మూడు స్టంప్స్ మొత్తం వెడల్పు 22.86 సెంటీమీటర్లు, అందులో సగం 11.4. అంటే లెగ్ స్టంప్ అంచుకి తగులుతుంది. అదే బౌలర్ క్రీజులో కాస్త బయటికి జరిగి 60 సెంటీమీటర్ల దూరం నుంచి వదిలితే 16 సెంటీమీటర్లు జరిగి, బంతి మందం కలుపుకున్నా లెగ్ స్టంప్ తప్పిపోతుంది. రెండు బంతులూ పడింది ఒకేచోట, ప్యాడ్‌కి తగిలింది ఇంచుమించు ఒకేచోట. ఒకటి అవుట్, ఒకటి నాటవుట్. తేడా అంతా బౌలర్ ఎక్కణ్ణించి వదిలిందన్న దాంట్లో ఉంది. అది తెలిసేది వెనక నిలబడిన అంపైర్‌కే. ఫీల్డర్‌గా ఉన్నన్నాళ్లూ దాని అవసరం పడి ఉండదు. అందుకే ప్రతి ఓవర్ మొదటి బంతికి బౌలర్ ఎక్కణ్ణించి వేస్తోందో మనసులో గుర్తు పెట్టుకోవాలి. స్పెల్ మధ్యలో మార్చినప్పుడు పట్టుకోవాలి.

బ్యాటర్ ముందుకి బాగా సాగి ఆడినప్పుడు ఇంకో ఇబ్బంది. ప్యాడ్‌కి తగిలిన చోటునుంచి స్టంప్స్ దాకా రెండున్నర మీటర్లు మిగిలి ఉంటే, కోణం అంచనాలో 2 డిగ్రీల పొరపాటు జరిగినా అక్కడికి వెళ్లేసరికి 9 సెంటీమీటర్ల తేడా వస్తుంది. ముందుకి సాగిన కాలికి తగిలిన బంతులకి వేలెత్తే ముందు అంపైర్లు తటపటాయించడం పిరికితనం కాదు, ఈ లెక్కే.

ఆడినవాళ్లకి నిజంగా కలిసొచ్చేది చెవి. కీపింగ్ చేసినమ్మాయికి బ్యాట్ అంచు తాకిన టిక్కుమనే శబ్దానికీ, బ్యాట్ ప్యాడ్‌కి తగిలిన మొద్దు చప్పుడుకీ, నేలని గీరిన చప్పుడుకీ తేడా ఎవరూ నేర్పక్కర్లేదు. పుస్తకంతో వచ్చినవాళ్లకి ఈ జ్ఞానం రావడానికి ఏళ్లు పడుతుంది.

విసిరిన క్షణం

బంతి మీంచి చూపు తిప్పకపోతే ఎంత పెద్ద పొరపాటు జరుగుతుందో చెప్పడానికి 2019 జూలై 14 చాలు. లార్డ్స్‌లో న్యూజిలాండ్‌తో ప్రపంచకప్ ఫైనల్, ఇంగ్లండ్ బ్యాటింగ్‌లో ఆఖరి ఓవర్. డీప్ మిడ్‌వికెట్ నుంచి గప్తిల్ విసిరిన త్రో రెండో పరుగుకి డైవ్ కొట్టిన స్టోక్స్ బ్యాట్‌కి తగిలి బౌండరీకి పోయింది. అంపైర్లు ఆరు పరుగులు ఇచ్చారు. క్రికెట్ చట్టం 19.8 చెప్పేదేంటంటే, ఫీల్డర్ బంతి విసిరిన క్షణానికి బ్యాటర్లు ఒకర్నొకరు దాటి ఉంటేనే ఆ నడుస్తున్న పరుగు లెక్కలోకి వస్తుంది. గప్తిల్ విసిరేటప్పటికి స్టోక్స్, అవతలి బ్యాటర్ రషీద్ రెండో పరుగులో ఇంకా ఒకర్నొకరు దాటలేదు. అంటే ఒకటీ నాలుగూ కలిపి అయిదే రావాలి, తరువాతి బంతి ఆడాల్సింది రషీద్. మ్యాచ్ టై అయి చివరికి బౌండరీల లెక్క మీద తేలింది కాబట్టి ఆ ఒక్క పరుగు బరువు ఎంతో చెప్పక్కర్లేదు.

ఆ రోజు మైదానంలో ఉన్నవాళ్లు ఎవరు? కుమార ధర్మసేన 1996 ప్రపంచకప్ గెలిచిన శ్రీలంక జట్టు సభ్యుడు. ఫైనల్ ఆడి, మళ్లీ ఇంకో ఫైనల్‌కి అంపైరింగ్ చేసిన మొదటి మనిషి. రెండో ఆయన మారయిస్ ఎరాస్మస్ కూడా ఆటగాడే. తరువాత ధర్మసేన పొరపాటు ఒప్పుకున్నారు, అది పెద్దమనసు. అంత అనుభవం ఉన్నవాళ్లకి కూడా ఆ క్షణంలో కళ్లు బంతి వెంటే పోయాయి. చేయాల్సింది ఏమిటంటే, బంతి దూరంగా ఫీల్డర్ చేతిలో పడగానే ఒకసారి బ్యాటర్లు ఎక్కడున్నారో చూసి, చెయ్యి ఊగిన క్షణంలో మళ్లీ చూడాలి. జిల్లా అండర్-16 మ్యాచ్‌లో ప్రతి ఓవర్‌త్రోకీ ఈ చూపు అలవాటు చేసుకుంటే పెద్ద మ్యాచ్‌లో అది తనంతట తనే వస్తుంది.

రనౌట్ దగ్గరా ఇదే సూత్రం. బంతి ఏ వైపు వెళ్లిందో బౌలర్ వైపు అంపైర్ ఆ వైపుకే పక్కకి పరిగెత్తి క్రీజుకి సూటిగా నిలబడాలి. అప్పుడు బంతీ గీతా రెండూ కళ్ల ముందే ఉంటాయి, వెనక్కి తిరగాల్సిన పని ఉండదు. త్రో వచ్చే దారికి అడ్డం పడకూడదు. బెయిల్స్ లేచే క్షణానికి మాత్రం కాళ్లు ఆగి ఉండాలి. పరిగెడుతూ చూసిన రనౌట్ సగం ఊహే.

నాన్‌స్ట్రైకర్ (బౌలర్ వైపు నిలబడే బ్యాటర్) బంతి వేయకముందే క్రీజు వదిలితే బౌలర్ చేసే రనౌట్ గురించి ఒక మాట. 2022 సెప్టెంబర్ 24న లార్డ్స్‌లో భారత బౌలర్ దీప్తి శర్మ ఇంగ్లండ్ బ్యాటర్ చార్లీ డీన్‌ని ఇలా రనౌట్ చేసినప్పుడు ప్రపంచమంతా క్రీడాస్ఫూర్తి గురించి వాదించింది. అంపైర్‌కి ఆ వాదనతో పని లేదు. మామూలుగా బంతి వదులుతుందని అనుకునే క్షణానికి ముందే నాన్‌స్ట్రైకర్ క్రీజు దాటిందా లేదా అన్నదొక్కటే ప్రశ్న. ముందుగా హెచ్చరించాలని చట్టంలో లేదు. అదే ఏడాది అక్టోబర్ నుంచి దాన్ని "అన్యాయపు ఆట" అనే విభాగంలోంచి తీసి మామూలు రనౌట్ చట్టంలో కలిపేశారు. "మా రోజుల్లో ఇలా చేసేవాళ్లం కాదు" అనే మాట ఆడినవాళ్ల నోటికి తేలిగ్గా వస్తుంది. అంపైర్ కోటు వేసుకున్నాక ఆ మాట అనుకోవడం కూడా తప్పే.

పరీక్ష

ఆంధ్రలో ఆడినమ్మాయి అంపైర్ కావాలంటే ముందు రాష్ట్ర సంఘం పెట్టే పరీక్ష రాయాలి, తరువాత జిల్లా, రాష్ట్ర స్థాయి మ్యాచ్‌లు చేస్తూ భారత క్రికెట్ బోర్డు (బీసీసీఐ) పరీక్షలకు వెళ్లాలి. చదవాల్సింది క్రికెట్ చట్టాల 2017 కోడ్ ప్రకారం ఉన్న 42 చట్టాలు, వాటి సవరణలు, ఆయా టోర్నీల నిబంధనలు. మూలం ఇంగ్లీషులో ఉంటుంది. తెలుగు మీడియంలో చదివిన అమ్మాయిలు ఇక్కడే బెదురుతారు. బెదరక్కర్లేదు. అది కథల ఇంగ్లీషు కాదు, వాడే మాటలు కొన్నే, మళ్లీ మళ్లీ వస్తాయి. ఒక్కో చట్టం చదివి, దానికి సరిపోయే సంఘటన మీరు ఆడిన మ్యాచ్‌ల్లోంచి ఒకటి గుర్తు తెచ్చుకుని పక్కన తెలుగులో రాసుకుంటే మనసులో నాటుకుంటుంది. ఆడనివాళ్లకి దొరకని సదుపాయం ఇది.

బోర్డు 2022లో అహ్మదాబాద్‌లో పెట్టిన లెవెల్ 2 పరీక్ష మొత్తం 200 మార్కులకి. రాత 100, మౌఖికం 35, వీడియో చూసి నిర్ణయాలు చెప్పడం 35, దేహదారుఢ్యం 30. అర్హత గీత 90. రాసిన 140 మందిలో నెగ్గింది ముగ్గురే. ప్రశ్నలు ఎలా ఉంటాయో రెండు చూడండి. పెవిలియన్ నీడో చెట్టు నీడో పిచ్ మీద పడుతోందని బ్యాటర్ ఫిర్యాదు చేస్తే? పట్టించుకోనక్కర్లేదు, అవి కదిలేవి కావు. ఫీల్డర్ నీడ అయితే కదలకుండా ఉండమనాలి, లేదంటే డెడ్‌బాల్ (బంతి ఆటలో లేదని) ప్రకటించాలి. బౌలర్ చూపుడువేలికి నిజంగానే దెబ్బ తగిలింది, టేపు తీస్తే రక్తం వస్తుంది, ఏం చేస్తారు? బౌలింగ్ వేయాలంటే టేపు తీయాల్సిందే. పదేళ్లు ఆడినా ఈ రెండోదానికి చాలామంది జాలితో తప్పు జవాబు రాస్తారు. ఆటగాళ్లకి నియమాలు "ఇలా చేస్తుంటారు" అన్నంత వరకే తెలుసు. పరీక్ష అడిగేది "ఎందుకు, ఏ మాటల ప్రకారం" అని.

ఆడేటప్పుడు ఎప్పుడూ గమనించని చిన్న నియమాలు కొన్ని. అప్పీల్ లేకుండా ఎవర్నీ అవుట్ ఇవ్వకూడదు. అంపైర్ బంతులు లెక్క తప్పి అయిదుకో ఏడుకో ఓవర్ ముగిస్తే ఆ ఓవర్ అలాగే చెల్లుతుంది, తరువాత సరిచేయడం కుదరదు. స్కోరర్ సైగ అందుకున్నట్టు తిరిగి చెప్పేదాకా తరువాతి బంతి వేయనివ్వకూడదు. మహిళల మ్యాచ్‌కి బంతి వేరు, 140 నుంచి 151 గ్రాముల లోపు ఉండాలి. పురుషులది 156 నుంచి 163. కిట్‌లోంచి ఏ పెట్టె తీస్తున్నారో చూసుకోకపోతే మొదటి ఓవర్ అయ్యాక గొడవ.

రిఫరీ గదిలో జరిగే లెక్క

రిఫరీ పని బయటికి కనిపించదు కాబట్టి అధికారమంతా వాళ్లదేనని కొందరూ, ఊరికే కూర్చుంటారని కొందరూ అనుకుంటారు. టాస్‌కి ముందే రెండు జట్ల పేర్ల జాబితా రాతపూర్వకంగా తీసుకోవడం, బౌండరీ తాడు సరైన దూరంలో ఉందో చూడటం (మహిళల అంతర్జాతీయ మ్యాచ్‌లకి పిచ్ మధ్య నుంచి 60 నుంచి 70 గజాలు), వాన వస్తే ఓవర్ల లెక్క సరిచూడటం, తలకి దెబ్బ తగిలిన ఆటగాడి బదులు ఎవర్ని దించొచ్చో తేల్చడం, మ్యాచ్ అయ్యాక నివేదికలు రాయడం, అన్నీ వాళ్ల పనే. అన్నిటికంటే కష్టమైనది క్రమశిక్షణ.

ఎలా నడుస్తుందో ఒక ఉదాహరణతో చూద్దాం. 2023 జూలై 22న మీర్పూర్‌లో బంగ్లాదేశ్‌తో భారత మహిళలు ఆడి టై అయిన మూడో వన్డే. అవుటిచ్చినప్పుడు కెప్టెన్ హర్మన్‌ప్రీత్ కౌర్ బ్యాట్‌తో స్టంప్స్ కొట్టారు. తరువాత బహుమతుల వేళ అంపైరింగ్‌ని బాహాటంగా విమర్శించారు. కోపం ఒకటే అయినా నిబంధనల దృష్టిలో ఇవి రెండు వేరు నేరాలు. అంపైర్ నిర్ణయం మీద అసమ్మతి లెవెల్ 2 కింద: మ్యాచ్ ఫీజులో 50 శాతం కోత, 3 డీమెరిట్ పాయింట్లు. బహిరంగ విమర్శ లెవెల్ 1 కింద: 25 శాతం కోత, 1 పాయింటు. కలిపితే 75 శాతం, 4 పాయింట్లు. రెండేళ్లలో 4 డీమెరిట్ పాయింట్లు చేరితే అవి 2 సస్పెన్షన్ పాయింట్లు అవుతాయి. 2 సస్పెన్షన్ పాయింట్లంటే ఒక టెస్టు, లేదా రెండు వన్డేలో టీ20లో, ఏవి ముందొస్తే అవి ఆడకూడదు. అలా రెండు మ్యాచ్‌లు పోయాయి. ఆమె నేరం ఒప్పుకున్నారు కాబట్టి విచారణ పెట్టాల్సిన అవసరం రాలేదు.

ఇక్కడ రిఫరీ చేతిలో ఉన్నది ఏమిటి? అభియోగం, అది ఏ లెవెల్ కిందికి వస్తుందో రాసేది అంపైర్లు. రిఫరీ ఆ లెవెల్ హద్దుల్లో ఎంత శిక్ష వేయాలో తేల్చాలి. ఆటగాడు ఒప్పుకోకపోతే కూర్చోబెట్టి ఇరువైపులా విని, కారణాలతో రాసివ్వాలి. మైదానంలో ఓడిపోతున్నప్పుడు మనిషికి ఏమవుతుందో ఎరిగిన ఆటగాడే ఈ పనికి సరిపోతాడని, అందుకే రిఫరీలకి ఆడిన అనుభవం చూస్తారని నా అభిప్రాయం. అదే సమయంలో, నివేదికలో ఒక్క వాక్యం వదులుగా ఉన్నా అప్పీల్‌లో నిలవదు. రిఫరీ కావాలనుకునే అమ్మాయి మొదట అలవాటు చేసుకోవాల్సింది తేదీ, ఓవర్, బంతి, అన్న మాట అక్షరాలా, చేసిన పని, ఈ వరసలో విశేషణాలు లేకుండా రాయడం.

మన ఊరి ఎండ, మన ఊరి వరసలు

చట్టాల పుస్తకంలో లేనివి కొన్ని ఉన్నాయి. మొదటిది ఎండ. ఏప్రిల్, మే నెలల్లో గుంటూరు, విజయవాడల్లో పాదరసం 40 దాటడం మామూలే. ఆటగాళ్లలో సగంమంది ఎప్పుడూ నీడలో ఉంటారు. అంపైర్ మాత్రం రెండు ఇన్నింగ్సూ లోపలే. 50 ఓవర్ల మ్యాచ్ అంటే 600 బంతులు, 600 సార్లు చూపు బిగించి వదలడం. రోజంతా బిగించే ఉంచితే నలభయ్యో ఓవర్‌కి కళ్లు చూస్తాయి గానీ మెదడు పట్టుకోదు. బంతి డెడ్ అయిన క్షణంలో భుజాలు వదిలేసి, బౌలర్ రన్నప్ మొదలెట్టగానే మళ్లీ బిగించడం అలవాటు చేసుకోవాలి. డ్రింక్స్‌కి చల్లటి నీళ్ల కంటే ఉప్పేసిన పల్చటి మజ్జిగ మేలు. మహిళలకి ఇంకో బాధ ఉంది, దాన్ని దాచి మాట్లాడుకోవడం మానాలి. చాలా మైదానాల్లో వాడదగిన మరుగుదొడ్డి దగ్గర్లో ఉండదు కాబట్టి నీళ్లు తాగడం తగ్గించేస్తారు. అది నేరుగా తలనొప్పికీ, చివరి ఓవర్లలో తప్పుడు నిర్ణయాలకీ దారితీస్తుంది. మ్యాచ్ ఒప్పుకునేటప్పుడే ఆ ఏర్పాటు గురించి నిర్వాహకుల్ని సూటిగా అడగడం హక్కు.

రెండోది వరసలు. మన జిల్లాల్లో ఆడే అమ్మాయిలందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లే. నిన్నటిదాకా ఒకే బస్సులో విజయవాడ దగ్గరి మూలపాడు మైదానానికి వెళ్లినవాళ్లు, 2016లో అక్కడ వెస్టిండీస్‌తో భారత మహిళల మ్యాచ్‌లు జరిగితే పక్కపక్కన కూర్చుని చూసినవాళ్లు. ఇవాళ ఒకరు కోటు వేసుకుని నిలబడితే ఇంకొకరు బౌలింగ్ వేస్తారు. ఎల్బీ ఇవ్వకపోతే బౌలర్ వెనక్కి తిరిగి, "ఏంటక్కా, అది కూడా ఇవ్వవా?" అంటుంది. ఆ "అక్కా"లో చనువుంది, ఒత్తిడీ ఉంది. కసురుకుంటే మ్యాచంతా చెడుతుంది. సంజాయిషీ చెప్పుకుంటే ప్రతి బంతికీ చెప్పుకోవాల్సి వస్తుంది. "లెగ్ బయటికి పోతోందమ్మా, పద" అని ఒక్క ముక్క, మామూలు గొంతుతో. మళ్లీ అడిగితే కెప్టెన్‌ని పిలిచి కెప్టెన్‌తోనే మాట్లాడాలి. పాత జట్టు వాట్సాప్ గ్రూపులోంచి బయటికి రావాలి. తను శిక్షణ ఇచ్చిన పిల్లలు ఆడే మ్యాచ్‌కి నియమిస్తే ముందే చెప్పి తప్పుకోవాలి. ఇది మనసుకి కష్టమే. స్నేహితురాళ్లు కొన్నాళ్లు ముఖం తిప్పుకుంటారు.

డబ్బు సంగతి దాచకుండా చెప్పాలి. 2022 నాటికి బోర్డు ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లకి పై వర్గాల అంపైర్లకి రోజుకి 40,000, వాటి కింది వర్గాలకి 30,000 రూపాయలు ఇచ్చేది. అక్కడికి చేరేదాకా జిల్లా మ్యాచ్‌ల్లో వచ్చేది బస్సు చార్జీలూ భోజనమూ పోను కొంచెమే. మొదటి నాలుగైదేళ్లు ఇంకో ఆదాయం లేకుండా ఈ దారిలో దిగొద్దు. స్కూల్లో పీఈటీగా చేస్తూ శని, ఆదివారాలు మ్యాచ్‌లు చేసేవాళ్లు నిలబడతారు. పెళ్లయి పిల్లలున్నవాళ్లకి కూడా ఈ పని ఆట కంటే వీలు. ముప్పై అయిదో ఏట ఫాస్ట్ బౌలింగ్ మొదలెట్టలేం, అంపైరింగ్ మొదలెట్టొచ్చు.

మొదటి సీజన్‌లో ఒక నోటుపుస్తకం పెట్టుకోవాలి. ప్రతి మ్యాచ్ అయిన రాత్రి, సందేహంగా మిగిలిన నిర్ణయాలు మాత్రమే రాయాలి: ఎన్నో ఓవర్, బౌలర్ ఏ చేతివాటం, ఎక్కణ్ణించి వదిలింది, తను ఎక్కడ నిలబడింది, చూపు ఆ క్షణంలో ఎక్కడుంది, ఏం ఇచ్చింది, ఇప్పుడు ఏమనిపిస్తోంది. ఇరవై మ్యాచ్‌లు అయ్యేసరికి పేజీలు తిప్పితే ఒకే రకం పొరపాటు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ఒకరికి అది ఎడమచేతి స్పిన్నర్ ఎల్బీలు కావచ్చు, ఇంకొకరికి స్క్వేర్ లెగ్ నుంచి స్టంపింగులు. తరువాతి సీజన్‌కి నెట్స్‌లో బౌలర్ల వెనక నిలబడి ఆ ఒక్కదాన్నే సాధన చేయాలి. అకాడమీ నెట్స్‌లో అడిగితే ఏ కోచ్ కాదనడు. వాళ్ల పిల్లలకి కూడా ఎక్కడ నోబాల్ వేస్తున్నారో చెప్పే మనిషి దొరుకుతుంది.